ఇరవై అయిదు గంటల బండి

మా మనవరాలికి గోదాములో రాత్రి కాపలా ఉద్యోగం వచ్చింది. అక్కడ బండ్ల వేళలన్నీ మిలిటరీ లెక్కలోనే, అంటే మధ్యాహ్నం ఒంటిగంటని పదమూడు గంటలని, చెబుతారు. అంతకుముందు కాపలాదారు ఏదో తప్పు వేళ బండికి తలుపు తీశాడట. పొద్దున్న వెలుగుతున్న టార్చి ఒక్కటే దొరికింది.

"పన్నెండు దాటితే పన్నెండు తీసెయ్యవే, మట్టిబుర్రా," అని నేర్పించి, మొదటి రాత్రి తోడుగా నేనూ వెళ్లాను.

అర్ధరాత్రి దాటాక, ఇంజను చప్పుడేమీ లేకుండానే ఇనుప తలుపు మీద ఎవరో తట్టారు.

"ఏ వేళ బండి?" అని అడిగింది మనవరాలు.

"ఇరవై అయిదు గంటలది. తియ్యమ్మా," అంది చల్లటి గొంతు.

పిల్ల చెయ్యి గడియ మీదికి వెళ్లింది. ధైర్యం చెప్పడానికి వచ్చిన నేను దుప్పటి తలదాకా లాక్కున్నాను. అది వేళ్లు ముడిచి పన్నెండు తీసేసింది. గోడ గడియారం వంక చూసింది.

"పదమూడు మిగిలింది, తాతయ్యా. గడియారంలో పదమూడు లేదుగా?"

గడియ వదిలేసి తలుపుకేసి తిరిగింది.

"మీ గంట ఇంకా పుట్టలేదండీ. ఇరవై నాలుగుతోనే రోజు సరి. ఇక దయచెయ్యండి."

తట్టడం ఆగిపోయింది. నా మట్టిబుర్ర మహారాణిలా కుర్చీలో కూర్చుంది.

తలుపు అవతల ఎవరో మెల్లగా లెక్కపెట్టుకుంటున్నారు. పన్నెండు దాకా వచ్చి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.