విశ్వేశ్వరయ్య పలకరింపు

"చందన పాలసీనా? నిన్ననే కట్టేసినాను గదా సామీ! నువ్వే గదా ఫోన్లో చెప్పి నొక్కించినావు?" అంది వనజమ్మ.

విశ్వేశ్వరయ్య చేతిలోని మజ్జిగ గ్లాసు నోటిదాకా పోకుండానే ఆగిపోయింది. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా బస్సులో నిలబడి, అక్కణ్ణించి ఆటో ఎక్కి ఈ చీనీ బత్తాయి తోటకు వచ్చింది ఆమె మనవరాలు చందన పేరు మీద బీమా పాలసీ రాయించుకుందామనే. ఇదీ రాకపోతే ఈ ఏడు ఏజెన్సీ ఊడుతుంది. కమీషన్ పోతే పోయింది, ఒంటి కడుపు ఎలాగో నిండుతుంది. ఏజెన్సీయే పోతే మాత్రం ఎవరి గడప తొక్కడానికీ సాకు మిగలదు. ఆయన భయమంతా అదే.

"నేను నీకు ఫోనే చేయలేదమ్మా."

"అదేంది సామీ, అట్లంటావు? నా మోకాలు ఎట్లుందని అడిగితివి. బోరులో నీళ్లొస్తాండాయా అని అడిగితివి. రోజూ అడుగుతానే ఉండావు గదా!"

"రోజూనా?"

"మతి గాని పోయిందా ఏంది నీకు?"

"ఎవరో నిన్ను మోసం చేస్తాండారమ్మా. లెయ్, బ్యాంకుకు పోదాం పద," అంటూ ఆయన లేచాడు.

అంతలో అరుగు మీదున్న ఫోన్ మోగింది. వనజమ్మ స్పీకరు నొక్కింది.

"వనజమ్మా, బాగుండావా? తిన్యావామ్మా?"

విశ్వేశ్వరయ్య ఫోన్ మీదికి వంగాడు. ఆ గొంతు ఆయనదే. మాట చివర వచ్చే చిన్న దగ్గుతో సహా ఆయనదే. ముందు అన్నం సంగతి, తర్వాత బోరు సంగతి, పాలసీ మాట అన్నిటికంటే చివర. ఇన్నేళ్లూ ఇంటింటికీ తిరిగి ఆయన పాలసీలు అమ్మింది ఆ వరసలోనే.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు కంపెనీ వాళ్లు ఆయన్ను ఒక అద్దాల గదిలో మైకు ముందు కూర్చోబెట్టి, "మీ యాసలో జనాన్ని ఎలా పలకరిస్తారో మాట్లాడండి సార్, కొత్త ఏజెంటుకు నేర్పాలి," అన్నారు. పొంగిపోయి దవడలు నొప్పి పుట్టేదాకా మాట్లాడాడు. పైగా శాలువా కప్పించుకుని ఫొటో కూడా దిగాడు. ఆ కొత్త ఏజెంటు ఇదన్నమాట!

"కట్ చెయ్యమ్మా! అది నేను కాదు, మిషను! నువ్వు తింటే దానికేంది, పస్తుంటే దానికేంది?"

వనజమ్మ కట్ చేయలేదు. ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టి నెమ్మదిగా అంది.

"తెలుసులే సామీ. చందన ఎప్పుడో చెప్పింది. నువ్వే అనుకుంటే బాగుంటాది గదా, అందుకే నీతోనూ అట్లే అంటి."

"తెలిసి తెలిసి మాట్లాడతాండావా?"

"ఇంటి నిండా మనుషులుండారు. ఎవరి ఫోన్లో వాళ్లుంటారు. తిన్యావా అని అడిగేది ఇదొక్కటే. నువ్వయినా ఏడాదికొకతూరి గదా వచ్చేది!"

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని, "ఆఁ, తిన్యానప్పా," అంటూ చీనీ చెట్లలోకి నడిచింది.

తిరుగు బస్సులో దారి పొడుగునా ఆమె మీద కోపంతో ఉడికిపోయాడు విశ్వేశ్వరయ్య. మనిషి ఎదురుగా ఉండగా మిషనుతో మాట్లాడతారా ఎవరైనా! సాయంత్రం ఇల్లు చేరి, తాళం తీసి, లైటు వేశాడు. పొద్దున వండుకున్న అన్నం మూత తీసి చూసి మళ్లీ మూసేశాడు.

ఫోన్ మోగింది. ఎవరో తలుచుకున్నారనుకుని గబగబా ఎత్తాడు.

"విశ్వేశ్వరయ్యప్పా, బాగుండావా? తిన్యావా?"

మళ్లీ తన గొంతే. ఆయన పేరు మీదా ఒక పాలసీ ఉంది మరి.

చెడామడా తిట్టి కట్ చేయాలనుకున్నాడు. వేలు ఎర్ర బొత్తాం దాకా పోయింది కూడా. భార్య పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ మాట ఆయన్ను ఎవరూ అడగలేదు.

"ఇంకా లేదప్పా," అన్నాడు విశ్వేశ్వరయ్య, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "నువ్వు తిన్యావా?"