మూగ దివిటీవాడు

"అబ్బే, మూగవాడితో ఆటేమిటండీ!" అన్నాడు వడ్రంగి.

కొత్తాయన చొక్కాకు గుచ్చుకున్న అట్టముక్క మీద 'మూగ దివిటీవాడు' అని రాసుంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం మేడ మీద ఆడే కథల ఆట అది. తలా ఒక పాత్ర. అందరూ కలిసి వట్టి మాటలతోనే అడవులు దాటాలి, కోటలు పట్టాలి. ఆట నడిపేది టీచరమ్మ. ఆవిడ పెట్టిన నియమం ఒకటే: గుమ్మం దాటి లోపలికొస్తే, మళ్ళీ మెట్లు దిగేదాకా పాత్రే. పాత్రల ముచ్చట్లే తప్ప సొంత ఊసులు వద్దు.

కొత్తవాళ్ళు మొదటి వారం నోరు మెదపకుండా చూడాలి. ఆయన కిందటి వారం అలాగే ఓ మూల కూర్చుని, అంతా చూసి వెళ్ళాడు.

"నోరున్న పాత్ర ఏదైనా తీసుకోవచ్చుగా బాబాయ్?" అన్నాడు అన్నయ్య. చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చే అతన్ని అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. ఆటలో అతను మహాయోధుడు.

ఆయన నవ్వి, అట్టముక్కను తట్టి చూపించాడు.

"పాపం, నిజంగానే మాట రాదేమో," అని గొణిగాడు వడ్రంగి. ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

ఆటకు ముందు పాత్రల గురించి ముచ్చట్లు.

"నా మాంత్రికుడికి ఈ వారం గడ్డం పెంచాను," అన్నాడు వడ్రంగి.

"గడ్డం సరే, బుద్ధి పెంచావా?" అంది టీచరమ్మ. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "మీ వైద్యురాలికి దేనికి భయమమ్మా?"

"మ... మ..."

"పాములకు!" అన్నాడు అన్నయ్య.

మనుషులకు అనబోయింది ఆ పిల్ల. ఆమెకు నత్తి. అన్నయ్య ప్రేమకొద్దీ ప్రతి మాటా మధ్యలోనే అందుకునేవాడు. ఆ ప్రేమ పుణ్యమా అని ఆమె ఒక్క వాక్యమూ పూర్తిచేసి ఎరగదు.

ఆమెది మందుల షాపులో, వెనక గదిలో పెట్టెలు విప్పే పని. "వచ్చే నెల నుంచి కౌంటర్లో నిలబడాలి. మాట్లాడలేనంటే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటా," అన్నాడు యజమాని. అప్పటినుంచీ ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఆట మొదలైంది. చీకటి గుహ. ముందు ఏముందో దివిటీ పట్టినవాడికే కనబడుతుంది.

ఆయన చేతులు అలలా ఆడించాడు.

"గబ్బిలాలు!" అన్నాడు వడ్రంగి.

తల అడ్డంగా ఊపాడు.

"నీళ్ళు! ఏరుంది!" అన్నాడు అన్నయ్య.

మళ్ళీ అడ్డంగానే. చెల్లెలి వైపు తిరిగి చెయ్యి చాచాడు.

"నీ... నీ... నీళ్ళు."

ఆయన ముఖం వెలిగిపోయింది. అవునవునని తలూపాడు.

"ఇదెక్కడి న్యాయం! నేనన్నదీ అదేగా!" అన్నాడు అన్నయ్య. అందరూ గొల్లుమన్నారు.

టీచరమ్మ తీర్పు చెప్పేసింది. "దివిటీవాడి సైగలు వైద్యురాలికే అర్థమవుతాయి. మధ్యలో ఇంకొకరు నోరు పెడితే దివిటీ ఆరిపోతుంది."

ఇంకేముంది, మహాయోధుడు నోటికి తాళం వేసుకున్నాడు.

ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఆయన సైగ చేసేవాడు, ఆమె చెప్పేది. మాట ఇరుక్కుంటే ఆయన చూపు తిప్పుకునేవాడు కాదు, జాలిపడేవాడూ కాదు. తీరిగ్గా కూర్చునేవాడు, ఎక్కడికీ వెళ్ళాల్సిన పనే లేనట్టు.

ఓ ఆదివారం, ఆటలో కోట గుమ్మం దగ్గర ఆయన చేతులతో పెద్ద కథే చెప్పాడు. ఆమె అందుకుంది. ఇరుక్కుంది, ఆగింది, మళ్ళీ అందుకుంది. అయ్యాక చూస్తే వడ్రంగి నోరు తెరుచుకుని వింటున్నాడు. అన్నయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"దుమ్ము పడింది," అన్నాడు.

నత్తి పోలేదు, భయం పోయింది. మర్నాడు అడగకుండానే వెళ్ళి కౌంటర్లో నిలబడింది.

"రో... రోజుకు రెండుసార్లు. తిన్నాక వేసుకోండి."

ఎదుటివాడు బుద్ధిగా తలూపి, మందు పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఓస్, ఇంతేనా! యజమాని ఇంకొకర్ని వెతకడం మానేశాడు.

ఆ ఆదివారం ఈ సంగతి చెబుదామని మెట్ల కిందే నిలబడింది. దివిటీవాడు రాలేదు. పై వారమూ రాలేదు. టీచరమ్మ వాకబు చేసి వచ్చింది.

"నిద్రలోనే పోయారట," అంది.

అందరూ ఆయన ఇంటికి వెళ్ళారు. భార్య తలుపు తీసింది. అన్నయ్య అలవాటుగా నోరు తెరిచి, చెల్లెల్ని చూసి మూసేశాడు.

"అమ్మా, నేను మీవారితో ఆడిన వై... వైద్యురాల్ని. తనకు మాట లేకపోయినా నాకు మాట నేర్పారు. ఆయన కాళ్ళకు దణ్ణం పెడదామనుకున్నాను. ఆ... ఆలస్యం చేసుకున్నాను."

ఆవిడ విస్తుపోయింది. కన్నీళ్ళతోనే నవ్వి, ఆమె చేతులు పట్టుకుంది.

"మాట లేకపోవడమేమిటి తల్లీ? జీవితమంతా రేడియోలో కథలు చదివిన మనిషి, ఆదివారం ఇంటికి రాగానే 'ఇవాళ మా వైద్యురాలు ఎంత బాగా చెప్పిందో విను' అంటూ నీ మాటలన్నీ నాకు చదివి వినిపించేవారు."