ఎర్రమడుగు అంటే ఎవరికిష్టం?

నిండు చెరువు ఎదురుగానే ఉన్నా, ఆ గేదెల మంద ఎండెక్కగానే ముళ్ల గుట్ట ఎక్కి దిగి, అవతలున్న ఎర్రమడుగులో పొర్లి వచ్చేది. అన్నిటికంటే ముందు ముసలి గేదె పెద్దమ్మ నడిచేది. మోకాలు వాచి కుంటుతున్నా ఒక్క పూట మానేది కాదు.

వాటి వీపుల మీద పురుగులేరుకుని తినే గోరింకకి ఇది వింతగా తోచింది. చూడి గేదె చెవి దగ్గర వాలి, "నీకా మడుగంటే అంత ఇష్టమా?" అని అడిగింది.

"ఇష్టమా, నా మొహమా! ఈ కడుపుతో గుట్ట ఎక్కలేక చస్తున్నా. పెద్దమ్మకి ఇష్టం కదా అని పోతున్నా" అంది చూడి గేదె.

గోరింక ఒక్కొక్కదాన్నీ విడిగా అడిగింది. అన్నిటిదీ అదే మాట. చివరికి పెద్దమ్మనే అడిగింది.

"నాకెందుకే ఆ బురద? వీళ్లంతా ముచ్చటపడతారని తీసుకుపోతున్నా" అంది పెద్దమ్మ.

గోరింక సంతోషం పట్టలేక పెద్దమ్మ కొమ్ము మీదికెక్కి అరిచింది. "వినండర్రా! ఎర్రమడుగు మీలో ఒక్కరికీ ఇష్టం లేదు! పెద్దమ్మకి కూడా!"

నెమరేసే నోళ్లన్నీ ఆగిపోయాయి. పెద్దమ్మ తలెత్తి మందవైపు చూసింది. ఆవిడ మనసు నొచ్చుకుందేమోనని చూడి గేదెకి కంగారు పుట్టింది.

"అయ్యో, నేనెప్పుడన్నాను? అక్కడికి పోకపోతే నాకు తోచదు" అంది.

"నాకూ అంతే" అంది పక్కది.

"నాకూ, నాకూ" అంది మందంతా.

పెద్దమ్మ నిట్టూర్చి, "చూశావా? నేను చెప్పలేదూ?" అని గోరింకతో అని, కుంటుకుంటూ గుట్ట ఎక్కసాగింది.