వంటింట్లో మిగిలిన డాన్సు

తప్పు పట్టి రిఫరీ విసిరిన పసుపు గుడ్డ గాల్లోకి లేచి గడ్డి మీద పడగానే రోజెట్టాకి ఒళ్ళు మండిపోయింది.

"పిల్లాడు సంతోషంగా రెండు గంతులేస్తే నీ సొమ్మేం పోయిందయ్యా?" అని రిఫరీ మీద కేకలేసింది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతితో అవతలి గీత దాటి టచ్‌డౌన్ చేసినవాడు ఆమె కొడుకు జెరెల్. బంతి చేతిలో ఉండగానే డాన్సు మొదలెట్టాడు. అంతే, జట్టు పదిహేను గజాలు వెనక్కి జరగాలని శిక్ష పడింది. జెరెల్ పేరు మీద ఒక తప్పు రాశారు. రెండోది కూడా పడితే మైదానం వదిలి పోవాల్సిందే.

పక్క సీట్లో గోధుమరంగు టోపీ పెట్టుకున్న ముసలాయన ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. అందరూ రిఫరీని తిడుతుంటే ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"రిఫరీ చేసింది సరైనదేనమ్మా. రూలు అలాగే ఉంది," అన్నాడు చివరికి.

"దేవుడు మీకు గుండె బదులు రాయి పెట్టాడా ఏంటి, పెద్దాయనా?"

ముసలాయన చలికి వణుకుతున్నాడు. ఒహాయోలో నవంబరు గాలంటే మాటలా!

రోజెట్టా తన దుప్పటి సగం ఆయన ఒళ్ళోకి విసిరింది.

"కప్పుకోండి. తిట్టానని చలికి వదిలేస్తానా?"

"మీవాడా?" అన్నాడాయన, దుప్పటి సర్దుకుంటూ.

"నావాడే. కాలేజీలో నాలుగో ఏడు, ఈ మైదానంలో ఇదే ఆఖరి ఆట. ఇందాక అందరు అమ్మలతో పాటు నన్నూ చెయ్యి పట్టుకుని మధ్యలోకి తీసుకెళ్ళి పువ్వులిచ్చాడు. ఇవాళ టచ్‌డౌన్ చేస్తే వాళ్ళ నాన్న డాన్సు చేసి చూపిస్తానన్నాడు. ఆ చారల చొక్కా రిఫరీ చెయ్యనిచ్చాడా?"

"వాళ్ళ నాన్న..."

"క్లైడ్. పోయి మూడేళ్ళయింది. ఆయనా ఇక్కడే ఆడాడు, ముప్పై రెండో నంబరు చొక్కాతో. తొంభై ఐదులో ఇదే గడ్డి మీద ఆ డాన్సు చేస్తే ఒక రిఫరీ గుడ్డ విసిరాడు. ఆ పదిహేను గజాలతోనే ఆట చేజారింది. ఊరంతా మా ఆయన్నే ఆడిపోసుకుంది. ఆ రిఫరీ మొహం గుర్తులేదు గానీ, కనబడితేనా, ఈ చలిలో మైదానం చుట్టూ పరుగులు పెట్టిస్తాను!"

ముసలాయన టోపీ కిందికి లాక్కున్నాడు.

"ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆ డాన్సు చెయ్యలేదా?"

"ఎందుకు చెయ్యలేదూ? ప్రతి ఆదివారం నా వంటింట్లో, పాన్‌కేకులు తిరగేస్తూ చేసేవాడు. గుమ్మం దాటి మాత్రం ఒక్కసారీ చెయ్యలేదు."

ఆయన తాగుతున్న వేడి చాక్లెట్ కప్పు పక్కన పెట్టేశాడు. 

"ఆ రూలు నాకు కంఠతా వచ్చమ్మా. ఆటగాడు జనం చూపుని తన ఒక్కడి మీదికే తిప్పుకోకూడదు. తన ఒక్కడి మీదికే! విన్నారా? ఈసారి ముందు బంతి రిఫరీ చేతిలో పెట్టమనండి. అవతలి జట్టు వైపు వేలు కూడా చూపించొద్దు. తిన్నగా తన జట్టు బెంచీ దగ్గరికి వచ్చి, జట్టంతా కలిసి చెయ్యమనండి. సాగదీయకుండా, గబుక్కున."

"అప్పుడు గుడ్డ విసరరా?"

"రిఫరీ చెయ్యి గుడ్డ ఉన్న జేబు దాకా వెళ్తుంది. అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఒక్క క్షణం చాలు."

"మీకెలా తెలుసు?"

"చాలా ఆటలు చూశాను లెండి."

వాళ్ళ సీట్లు జట్టు బెంచీకి వెనకే రెండో వరసలో ఉన్నాయి. రోజెట్టా లేచి కమ్మీ దగ్గరికి పరుగెత్తింది.

"ఒరేయ్ జెరెల్! ఇటు రా!"

"అమ్మా, కోచ్ చూస్తున్నాడే!"

"చూడనీ. ముందు నే చెప్పేది విను."

జెరెల్ విని తల గోక్కున్నాడు.

"ఈ ఏనుగులకి నాన్న డాన్సేం వచ్చమ్మా?"

"నేర్పరా! ఇంకా సగం ఆటుంది."

ఆట నాలుగు నిమిషాల్లో ముగుస్తుందనగా జెరెల్ ఇద్దరిని తప్పించుకుని, మూడోవాణ్ణి ఈడ్చుకుంటూ గీత దాటాడు. మైదానం దద్దరిల్లిపోయింది.

జెరెల్ బంతి తీసుకెళ్ళి బుద్ధిగా రిఫరీ చేతిలో పెట్టాడు. తిన్నగా బెంచీ దగ్గరికొచ్చాడు.

మూడడుగులు పక్కకి. ఒక గిరికీ. లేని టోపీని తీసి దణ్ణం పెట్టినట్టు ఒక వంపు.

అచ్చం క్లైడే!

వాడి వెనక నూటయాభై కిలోల వస్తాదులు అయిదుగురు అదే డాన్సు చేశారు. ఒక్కడికీ సరిగ్గా రాలేదు. ఒకడైతే గిరికీ కొట్టబోయి నీళ్ళ బకెట్లో కాలు పెట్టాడు.

రిఫరీ చెయ్యి జేబు దాకా వెళ్ళింది.

రోజెట్టా కమ్మీ మీదికి వంగింది.

చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత ఖాళీగా బయటికొచ్చింది.

రోజెట్టా ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఇరవై ఏళ్ళకు పైగా వంటింట్లోనే ఉండిపోయిన డాన్సు ఇవాళ ఊరంతా చూసింది.

"చూశారా పెద్దాయనా! మీరన్నట్టే..." అంటూ వెనక్కి పరుగెత్తింది.

సీటు ఖాళీగా ఉంది.

మెట్ల మీద, గేటు దగ్గర, జనంలో ఎక్కడా గోధుమరంగు టోపీ కనబడలేదు. ఆయన పేరైనా అడగలేదే అని రోజెట్టా నొచ్చుకుంది.

దుప్పటి మాత్రం చక్కగా నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మీద రంగు వెలిసిన పాత పసుపు గుడ్డ ఒకటి ఉంది. విసిరితే సూటిగా పడటానికి పాతకాలం రిఫరీలు కట్టుకున్నట్టే, మూలన గింజల మూట కట్టి ఉంది.

రోజెట్టా ఆ గుడ్డ మడత విప్పి చూసింది.

మధ్యలో పాత సిరాతో 'నంబరు 32, 1995' అని, దాని కింద ఇప్పుడే రాసిన అక్షరాలతో 'ఆ రోజు నా చెయ్యి ఆగలేదమ్మా' అని ఉంది.