మళ్లీ వదులైన జాకెట్టు

ఫిల్మ్ నగర్‌లో కాస్ట్యూమ్ ట్రయల్‌కి వచ్చిన నిహారికకి జాకెట్టు మళ్లీ వదులైంది.

"మొన్ననే గదా మేడమ్ కుట్లు లోపటికి తీసిన. ఏం తింటున్నరో జర మాకు గూడ చెప్పుండ్రి," అన్నాడు టైలర్, పిన్నులు గుచ్చుతూ.

"క్లీన్ ఈటింగ్," అంది నిహారిక, సీసాలో నీళ్లన్నీ గటగటా తాగేసి. "తీపి లేదు, నెయ్యి లేదు, తెల్లన్నం లేదు. ఒళ్లు తగ్గితేనే హీరోయిన్ చెల్లెలి వేషం అన్నారు డైరెక్టర్ గారు. అన్నీ మా అమ్మే వండిపెడుతుంది."

స్టూలు మీద కూర్చున్న తల్లి నాగేశ్వరి, కూతురి మెడ కింద పైకి తేలిన ఎముకల్నే చూస్తోంది.

"అమ్మా, ఇంకో సీసా ఇవ్వు. నోరు ఎండిపోతోంది."

నాగేశ్వరి సీసా ఇచ్చింది. టైలర్ బయటికి వెళ్లేదాకా ఆగింది.

"ఇక చాలు. డాక్టరు దగ్గరికి వెళ్దాం పద. రాత్రుళ్లు కూడా లేచి లేచి నీళ్లు తాగుతున్నావు, గంటకోసారి బాత్రూముకి వెళ్తున్నావు."

"నేను సన్నబడితే నీకెందుకమ్మా అంత బెంగ? డైట్ పనిచేస్తోంది, అంతే."

"డైట్ ఎక్కడుందే? నీ కడుపు మాడ్చడం నా వల్ల కాలేదు. జావలో ఖర్జూరం అని చెప్పి బెల్లం వేశాను. పల్చటి మజ్జిగంటూ మీగడ పెరుగు చిలికి పోశాను. కొర్రన్నం నేతితోనే వండాను. మొదలెట్టిన రోజు నుంచీ ఇంతే."

నిహారిక ఆ సీసా కూడా ఖాళీ చేసింది. అద్దంలో తన నడుము వంక చూసుకుంది.

"మరైతే నేనెలా తగ్గానమ్మా?"