తలుపు మీది గుర్తు

"తలుపు మీద అంకెకు ముందు ఈ గుర్తుంది చూశారూ? దీని తర్వాత రాసిందేదీ ఆసుపత్రికి చేరదమ్మా. మీ అమ్మాయితో చెప్పండి."

మంగళవారం పొద్దున్న, గొలుసు సందులోంచి తల్లి తొంగి చూసింది.

ఎవరో పెద్దాయన. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. మణికట్టుకు ఆసుపత్రి పట్టీ. వేలు '#12' దగ్గర ఆగి ఉంది.

దొంగో, పిచ్చివాడో.

"ఇంట్లో మగవాళ్ళున్నారు, వెళ్ళు" అని తలుపేసింది.

బుధవారమూ వచ్చాడు. గురువారమూ అదే మాట. మెట్ల మీద అడుగుల చప్పుడు మాత్రం ఒక్కనాడూ వినపడలేదు.

ఇక ఉండబట్టలేక కూతురి పక్కన చేరింది.

"అంబులెన్సులకు నువ్వు రాసిన ప్రోగ్రాము ఏం చేస్తుందే?"

"రోగి వివరాలు నింపితే, వాటన్నిటినీ ఒకే వరుసగా మార్చి లింకు చివర తగిలిస్తుంది. పేరు, చిరునామా, పడని మందులు. లింకు తెరిస్తే ఆసుపత్రిలో కనిపిస్తాయి. ఏం, నా ఉద్యోగం నువ్వు చేస్తావా?"

"చిరునామాలో మన తలుపు మీది గుర్తు రాస్తే?"

కూతురు నవ్వుతూనే కొట్టి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"లింకులో ఈ గుర్తు వస్తే వెనకదంతా పోతోందమ్మా. గుర్తును కోడుగా మార్చి పంపాలి. నేను ఉన్నదున్నట్టు అతికించేశాను. నీకెవరు చెప్పారు?"

"ఎవరో."

ఆ పూటే సరిచేసింది. ఆయన మళ్ళీ రాలేదు.

ఆదివారం భర్త జ్వరంతో స్పృహ తప్పాడు. అంబులెన్సు వెనకాలే పరుగెత్తి ఆమె ఆసుపత్రికి చేరేసరికి, నర్సు సిరంజి పక్కన పెడుతోంది.

"ఈ ఇంజెక్షను ఈయనకు పడదని తెర మీద వచ్చింది. లేకపోతే ఇచ్చేసేదాన్నే."

ఆమె భర్త మంచం పక్కన చేరింది.

నర్సు చిరునామా చూసి గొంతు తగ్గించింది.

"మీదీ ఆ బిల్డింగేనా? పై వాటాలో కొత్తగా దిగినాయన్ని ఈమధ్యే తెచ్చారు. ఆయనకూ ఇదే పడదట. చిరునామా సగంలో ఆగిపోయి మాకు ఆ వివరమే రాలేదు, ఇంజెక్షను ఇచ్చేశాం."

"గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని..."

"ఔను. మీకు తెలుసా? పాపం, సోమవారం రాత్రే పోయాడు."

తల్లి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఆయన మొదటిసారి తమ తలుపు తట్టింది మంగళవారం.