ఫ్రేమ్‌లో ఎర్రకోటు

“ఈ ముసలాయనొకడు! సరిగ్గా నా ఫ్రేమ్‌లోనే తగలడ్డాడు,” అన్నాడు మల్లికార్జున్, కెమెరాలోంచి తలెత్తకుండా.

“పొద్దున్నే తగలడ్డాను బాబూ,” అన్నాడు సరస్సు ఒడ్డున బండమీద నిలబడ్డ ఎర్రకోటు పెద్దాయన, శుభ్రమైన తెలుగులో.

భార్య భానుమతి నవ్వాపుకోలేక స్కార్ఫ్ నోటికి అడ్డం పెట్టుకుంది.

మల్లికార్జున్ నాలిక కరుచుకున్నాడు. న్యూ హాంప్‌షైర్ కొండల్లో కూడా తెలుగులో విసుక్కునే స్వేచ్ఛ లేకపోతే ఎలా!

తాముండే ట్రాయ్ ఊరి నుంచి పద్నాలుగు గంటలు డ్రైవ్ చేసి వచ్చింది ఫోటో పోటీ కోసం. ఆ కొండ హోటల్ లాబీలో, అదే హోటల్‌ని నూటయాభై ఏళ్ల కిందట గీసిన పెయింటింగ్ ఉంది. దానికి అచ్చుగుద్దినట్టున్న ఫోటో తీస్తే, ఏడాదిపాటు దాని పక్కనే వేలాడదీస్తారు. గెలిచేది తనేనని మల్లికార్జున్ వాట్సాప్ గ్రూపులో ముందే చాటేశాడు. ఓడితే ట్రాయ్‌లో తలెత్తుకోలేడు.

“సారీ అంకుల్. ఒక్క ఐదు నిమిషాలు మూవ్ అవుతారా? కొండ, హోటల్, మబ్బు అన్నీ పర్ఫెక్ట్‌గా కుదిరాయి. మీరొక్కరే ఎక్స్‌ట్రా.”

“నేను కదిలితే నీకే నష్టం.”

“నాకేం నష్టం?”

“అది చెప్పకూడదు.”

చాదస్తం అనుకున్నాడు మల్లికార్జున్.

“భానూ, ఆ డబ్బా ఓపెన్ చెయ్యి.”

“అది మన లంచ్!”

“ప్లీజ్!”

పులిహోర డబ్బా మూత లేచింది. ఇంగువ వాసన బండదాకా వెళ్లింది. ముందు పెద్దాయన ముక్కు కదిలింది, తర్వాత కాళ్లు కదిలాయి.

“నా మాట విను బాబూ, మళ్లీ చెబుతున్నా...”

“తినండి అంకుల్, తినండి!”

ఆయన డబ్బా ఖాళీ చేసేలోపు మల్లికార్జున్ నలభై ఫోటోలు లాగించేశాడు.

సాయంత్రం ఫలితాలు చెప్పారు. మొదటి బహుమతి, ఫోన్‌తో వంకరగా తీసిన ఎవరో స్కూలు పిల్లకి.

మల్లికార్జున్‌కి ఏడుపొక్కటే తక్కువ.

“అన్‌ఫెయిర్! నా ఫోటోలో ఏం తక్కువైంది?” అని మేనేజర్‌ని నిలదీశాడు.

ఆవిడ భూతద్దం చేతికిచ్చి, పెయింటింగ్ దగ్గరికి తీసుకెళ్లింది. సరస్సు ఒడ్డున బండమీద నువ్వుగింజంత ఎరుపు. ఇంతసేపూ మరక అనుకున్నాడు. అద్దంలోంచి చూస్తే దానికి తల ఉంది, కాళ్లున్నాయి.

“బొమ్మ మొత్తంలో ఉన్నది ఈ ఒక్క మనిషే,” అందావిడ. “అందుకే మీ అందరికోసం, మా వాలంటీర్ డాక్టర్ విశ్వనాథంగారికి ఇదే కోటు కుట్టించి, పొద్దుటినుంచీ ఆ బండమీద నిలబెట్టాం.”